కొండెక్కినాడు, దిగినాడు

పోయిన ఆదివారం మా అన్న చిన్ననాటి జతగాడు బాషన్న వచ్చినాడు. పాకాల నుంచి తిరుపతి దాకా బస్సులో నిలబడే వచ్చినాడంట, ఆ అరిగిపోయిన మోకాళ్లతో, మనమరాలి పెండ్లి పత్రిక నా చేతికియ్యాలని. “ఫోన్లో సెప్తే సాలదా, నీ కాళ్లెట్లుండాయో సూసుకున్నావా?” అని గేటు కాడే అరిచినాను. మెల్లగా మాట్లాడే అలవాటు నాకు పంతులమ్మ ఉద్యోగంలోనే పోయింది. ఆయన నవ్వి, “పెండ్లికి ఫోన్లో పిలిసే దానికి నేనేమన్నా గ్యాస్ బండ తెచ్చేటోణ్ణా పాపా?” అన్నాడు. ఏడేండ్ల పిల్లగా ఉన్నప్పుడు పాప అన్నాడు, ఇప్పుడు తల నెరిసి రిటైరైనా పాప అనే అంటాడు. కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ కలిపే దానికి లోపలికి పోయినాను. మా మనమడు టీవీలో కబడ్డీ పెట్టుకోని, దాన్ని ఆపకుండానే ట్యూషన్‌కు పోయినాడు. బాషన్న దాన్ని చూస్తా కూర్చున్నాడు. నీలం బనీనేసిన పిల్లోణ్ణి అవతలి జట్టు నలుగురు కలిసి పట్టేసినారు. బాషన్న తొడ మీద చరుచుకోని “కొండెక్కినాడు!” అని అరిచినాడు. అరిచి అట్లే ఆగిపోయినాడు. చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. నేను కాఫీ గ్లాసు పట్టుకోని వంటింటి వాకిట్లోనే నిలబడినాను. నలభై ఏండ్లకు పైగా ఆ మాట నా ముందర ఎవురూ అనలేదు.

తిరుపతిలో ఆ మాటకు అర్థం ఎవురినడిగినా చెప్తారు, స్వామి దర్శనానికి పోయినాడని. ఇండ్లల్లో దీపం ఆరిపోయినా అదే మాట అంటారు. పాకాలలో గూడ్సు షెడ్డు వెనక ఆడే పదిమందికీ, వాళ్ల ఆట చూసే మాకూ మాత్రం మూడో అర్థం ఒకటి ఉండేది. అది మాయమ్మ పెట్టింది. ఎందుకు పెట్టిందో, అది తిరిగొచ్చి మాయమ్మకే ఎట్ల తగిలిందో రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా నాకు చెయ్యి రాలేదు. బాషన్న నోరు జారి నా మీద ఈ పని పెట్టిపోయినాడు.

మాయమ్మకు చెడ్డమాట అంటే హడలు. దీపం ఆరిపోయింది అన్నామా, నోటి మీద కొట్టేది. కొండెక్కింది అనాల. బియ్యం అయిపోయినాయి అనకూడదు, నిండుకున్నాయి అనాల. తాళి తెగింది అనకూడదు, పెరిగింది అనాల. గడప దాటేటప్పుడు “పోతా” అన్నామంటే ఇంగ అయిపోయినట్టే. వెనక్కి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్లు తాగించి, “వస్తా” అని మా నోటితో చెప్పించి అప్పుడు పంపేది. ఈ దెబ్బకు నేను బడికి ఎన్ని దినాలు ఆలస్యంగా పోయినానో. అందరి ఇండ్లల్లోనూ ఈ పట్టింపులుండేవి గానీ, మాయమ్మకున్నంత ఎవురికీ లేదు. దానికి కారణం మాకు తెలుసు. మాకు ముందు ఆయమ్మకు ఇద్దరు ఆడబిడ్లు పుట్టినారు. ఒక పాప ఏడాది నిండకుండానే, ఇంగొక పాప మాటలొచ్చినాక, ఇద్దరూ జ్వరాలతోనే పోయినారు. వాళ్లను కూడా పోయినారు అనేది కాదు. “పెద్ద పాప, సిన్న పాప ముందే నడిసినారు” అనేది, ఏదో తిరునాళ్లకు మాకంటే ముందు బయల్దేరినట్టు. వాళ్ల తర్వాత మా అన్న మునిరత్నం, ఆ తర్వాత ఆరేండ్లకు నేను.

మా ఇంట్లో రెండు వాసనలుండేవి. ఒకటి బొగ్గు, ఒకటి బెల్లం. మా నాయన రైలింజన్లో బొగ్గేసే పని చేసేవాడు. రెండు దినాలకో మూడు దినాలకో డ్యూటీ దిగొస్తే ముఖంలో కండ్లు మాత్రం తెల్లగా కనపడేవి. ఆయన స్నానం చేసిన నీళ్లు కాలవలో పడితే కాలవంతా నల్లగా పారేది. మా అన్న స్కూలు ఫైనలు తప్పి గూడ్సు షెడ్డులో బెల్లం మూటలు మోసేవాడు. గోతాంలో నుంచి కారిన బెల్లం పాకం వాని భుజం మీద, చొక్కా మీద ఎండిపోయి అట్ట కట్టేది. చొక్కా విప్పి దండెం మీద ఏసినాడంటే గంటలో చీమలు వరస కట్టేవి. “మీ అన్నకు పిల్లనిచ్చేటోళ్లు లేకపోయినా సీమలైనా వస్తాండాయి లే” అని అమ్మ నవ్వేది. ఆ చీమల్ని చంపనిచ్చేది కాదు. చొక్కా ఎత్తి పెరట్లో దులిపి మళ్లీ తెచ్చేది.

పొద్దు వాలితే షెడ్డు వెనక బయలులో సడుగుడు. కబడ్డీ అనే మాట పెద్ద పోటీల్లోనే, మాకు అది సడుగుడే. మా నాయన తెచ్చిన ఇంజన్ బూడిదతో గీతలు గీసేవాళ్లు. దర్జీ ఇంట్లో పుట్టిన బాషన్న, మా అన్న, ఇంగా షెడ్డులో మూటలు మోసే పిల్లోళ్లు. నేను మధ్య గీత కొసన నిలబడి చూసేదాన్ని. ఆడ వినపడే మాటలు మా ఇంట్లో అంటే అమ్మ పండ్లు రాలగొడుతుంది. “సచ్చినాడు రా!” “నువ్వు సచ్చినావు, బయటికి నడువు!” “వాడు ఎప్పుడో సచ్చినాడు, మళ్లీ యాడ దూరినాడు లోపలికి?” ఒక సాయంత్రానికి అరవైసార్లు సచ్చేవాళ్లు, అరవైసార్లు లేసేవాళ్లు. ఇంట్లో ఒక్కసారి కూడా అనకూడని మాటను ఆడ గొంతు చించుకోని అరిచేది నాకు పండగ మాదిరి ఉండేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు దామలచెరువు జట్టు వచ్చింది ఆడే దానికి. మావాళ్లంతా ఒకరి వెనక ఒకరు ఔటైపోయినారు. అందరికంటే ముందు మా అన్నే కూతకు పోయి దొరికిపోయినాడు. బాషన్న ఒక్కడే మిగిలినాడు. మేము ఓడిపోతామని నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తానే ఇంటికి పరిగెత్తినాను. అమ్మ కొళాయి కాడ బిందె పట్టుకోని ఉండాది. “అమ్మా, రత్నన్న సచ్చినాడు!” అన్నాను. బిందె యాడ పడిందో ఆయమ్మకు తెలీదు. ఊడిన కొప్పుతో, చెప్పుల్లేని కాళ్లతో, పట్టాల మీద కంకర తొక్కుకుంటా పరిగెత్తింది. నేను వెనకాల పరిగెత్తుతానే ఉండా గానీ ఏం తప్పు చేసినానో నాకు తెలీలేదు.

ఆడ మా అన్న గీత బయట గొంతుకూర్చోని గరిక నములుతా ఉండినాడు. అమ్మ పోయి వాని తల, ఎద, చేతులు తడిమి తడిమి చూసింది. చూసి, చెంప మీద ఒకటి పీకింది. తర్వాత నాకు రెండు పడినాయి. రెండు జట్లూ ఆట ఆపి నవ్వినాయి.

“ఎవుర్రా నా బిడ్డను సచ్చినాడనింది?” అని అరిచింది.

“ఆటలోమా,” అన్నాడు మా అన్న చెంప రుద్దుకుంటా. “నిజంగా కాదు. బాషా పోయి ఆడ ఒకణ్ణి తాకొచ్చినాడంటే నేను లేస్తా.”

“లేస్తావా?”

“లేస్తామ్మా. ముందు సచ్చినోడు ముందు లేస్తాడు. వరసలో.”

“ముందు పోయినోళ్లే ముందా?” అని మళ్లీ అడిగింది. అన్న తల ఊపినాడు. అంతలో బాషన్న కూత పట్టుకోని పోయి, ఒకణ్ణి కాలితో తాకి, గీత మీద దబ్బున పడినాడు. మా అన్న ప్యాంటు దులుపుకోని లేచి లోపలికి పోయినాడు. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకోని అట్లే చూసింది. “అంతేనా? అంత సులబమా?” అని నన్నడిగింది, నేనేదో ఆ ఆట కనిపెట్టినట్టు. తర్వాత ఆ మట్టిలోనే కూలబడి ఆట అయ్యేదాకా లేయలేదు. ఆ పొద్దు కొళాయి కాడ వదిలిన బిందెను ఎవురో ఎత్తుకోని పోయినారు. దాని గురించి అమ్మ ఒక్క మాట అనలేదు.

మర్నాటి నుంచి చాటలో చెనిక్కాయలు పోసుకోని ఆట కాడికి వచ్చేది, ఒలుచుకునే దానికి ఇంట్లో చోటు లేనట్టు. ఒక వారం ఓర్చుకుంది. తర్వాత పదిమందినీ పిలిచి నిలబెట్టింది. “ఇంగొకసారి ఆ పాడుమాట నా సెవిలో పడిందంటే మీ బూడిద గీతల మీద పేడనీళ్లు సల్లతా. దీపాన్ని ఏమంటారు? కొండెక్కింది అంటారు గదా. అట్లనే అనండి” అనింది. మొదట ఎగతాళికి అన్నారు. “రత్నం కొండెక్కినాడమ్మోవ్!” మరి మళ్లీ లేస్తే ఏమనాల అని బాషన్న అడిగినాడు. “ఎక్కినోడు దిగడా ఏమి? దిగినాడు అనండి” అనింది. ఆరు నెలల్లో అదే వాళ్ల నోట్లో ఊరిపోయింది. బయటి జట్లు వచ్చినప్పుడు మావోళ్లు “కొండెక్కినాడు, కొండెక్కినాడు” అని అరుస్తా ఉంటే, “ఏమప్పా, మీ ఊర్లో ఆటాడతారా, గుండు కొట్టించుకుంటారా?” అని ఆటపట్టించేవాళ్లు.

ఒకపొద్దు నేను అడిగినాను, అంతసేపు ఏం చూస్తావుమా, నీకు గెలుపూ తెలీదు ఓటమీ తెలీదు అని. చెనిక్కాయ ఒలిచి నా నోట్లో వేసింది. “పోయినోళ్లు మళ్లీ వస్తారు గదే ఆడ” అనింది. మనుషులు ఆటలు ఎందుకు చూస్తారని పెద్ద చదువులు చదివినోళ్లు చెప్పే మాటలు ఆ తర్వాత చానా విన్నాను. ఊరి పౌరుషమంటారు, కాలక్షేపమంటారు, రక్తంలో ఉండాదంటారు. అవన్నీ నిజమే కావచ్చు. మాయమ్మ మాత్రం అందుకు చూడలేదు. ఆడేటోళ్లది ఇంగొక కథ. మా అన్నను కూడా అడిగినాను, పొద్దంతా మూటలు మోసి, మళ్లీ పోయి ఒళ్లు చీరుకోని వస్తావే, ఏముండాది దాంట్లో అని. “గీత దాటినాక అవతల ఏడు మంది, నేనొకణ్ణే. నా కాడ ఉండేది ఒక్క ఊపిరి. షెడ్డులో ఎవుడు రమ్మన్నా పోవాల, ఎవుడు తిట్టినా పడాల. ఆ ఊపిరున్నంత సేపు మాత్రం నేను ఎవునికీ భయపడను పాపా” అన్నాడు.

ఆ ఊపిరితోనే మా ఇంట్లో ఒక ఆట ఉండేది. అమ్మ సంగటి కెలికేటప్పుడు నేనూ అన్నా ఒకటేసారి కూత పట్టేవాళ్లం. సడుగుడు సడుగుడు సడుగుడు అని ఒకటే గుక్కలో. ఎవురి కూత ముందు తెగితే వాళ్లు ఓడినట్టు. ఎప్పుడూ నేనే ఓడేది. నా గొంతు ఆగిపోయినాక కూడా వాడు అంటా, పెరట్లోకి పోయి, రోలు చుట్టూ తిరిగి, కోళ్లను అదిలించి, వచ్చి నా చెవిలో నాలుగు సడుగుళ్లు అని అప్పుడు ఆపేవాడు. పట్టాల మీద బండి కూతేస్తే దాంతో కూడా పోటీ పెట్టుకునేవాడు. నాకు పదమూడేండ్లు వచ్చినాక ఒక సాయంత్రం వాని కూత తెగింది. నాది ఇంగా ఉండాది. నేను నమ్మలేక ఇంగా నాలుగు సడుగుళ్లు అని, “గెలిసినా! రత్నన్న మీద గెలిసినా!” అని గంతులేసినాను. వాడు గోడ పట్టుకోని నిలబడినాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉండాయి. నేను గంతులాపినాను.

చిన్నప్పుడు వానికి కీళ్లవాపు జ్వరం వచ్చి మంచంలో పడుండినాడు. అది గుండెను కొరుకుతుందని మాకు అప్పుడు తెలీదు. ఆ సాయంత్రం వాడు నన్ను పెరట్లోకి పిలిచి, “అమ్మకు సెప్పొద్దు. తిరప్తిలో పెద్ద పోటీ ఉండాది. అది ఆడినాక డాక్టరు కాడికి పోతా. ఒట్టెయ్” అన్నాడు. ఒట్టేసినాను. ఆ పోటీకి ఇంగా ఏడాది ఉండాదని నాకు తెలుసు. ఆ ఏడాదంతా గీత కొసన నిలబడి, వాడు కూతకు పోతానే నేనూ లోపల కూత పట్టి, నా ఊపిరితో వాని ఊపిరి కొలిచినాను. నెలనెలకీ నేనే ఎక్కువసేపు నిలిచినాను. వాడు తెలివిగా ఆడేవాడు. పొట్టి కూతతో పోయి తాకి వచ్చేసేవాడు. చూసేటోళ్లకు అది పనితనంగా కనపడింది. నేనెందుకు చెప్పలేదు? ఒట్టేసినానని రాస్తే అది అబద్ధం. అమ్మకు చెప్తే ఆట ఆగిపోతుంది. వాడు గీత దాటి పోతా ఉంటే నా ఒళ్లు జలదరించేది చూడు, అది నాకు కావాల. ఊరంతా “రత్నం, రత్నం” అని అరుస్తా ఉంటే, నేను వాని చెల్లెల్ని అని నిలబడాల. నా సంతోషానికి వాని ఊపిరి ఖర్చుపెట్టినాను. ఇది రాసే దానికే నాకు ఇన్నేండ్లు పట్టింది.

తిరుపతి పోటీకి పోయే పొద్దు వాడు గడప దాటతా “పోతామ్మా” అన్నాడు. అమ్మ వెనక్కి పిలిచింది. పీట మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. “వస్తామ్మా” అన్నాడు. మా ఇంట్లో వాని కడపటి మాట అది. అమ్మ వాకిట్లో నుంచి, “గెలిస్తే కొండెక్కి దణ్ణం పెట్టుకోని రా!” అని అరిచింది. ఆ మాట నేను విన్నాను, వీధంతా వినింది.

మర్నాడు పగటి బండికి బాషన్న ఒక్కడే దిగొచ్చినాడు. మా నాయన డ్యూటీ మీద ధర్మవరం పక్క పోయినాడు. అమ్మ పొయ్యి కాడ సంగటి కెలుకుతా ఉండాది. బాషన్న వాకిట్లో నిలబడినాడు, కాళ్లకు చెప్పుల్లేవు, చొక్కా నిండా మట్టి.

“ఏమబ్బా, నువ్వొక్కడివే వచ్చినావు? మావోడేడి?” అనింది అమ్మ.

ఆయన నోరు తెరిచినాడు. మాయమ్మ ముందర ఆ మాట అనకూడదని ఐదేండ్లుగా నేర్చుకున్న నోరు అది. “అమ్మా,” అన్నాడు. “రత్నం కొండెక్కినాడు.”

అమ్మ ముఖం వెలిగిపోయింది. “గెలిసినారా అయితే! నేనే సెప్పినా గెలిస్తే కొండెక్కి రమ్మని. నడిసి పోయినాడా, బస్సులోనా? గుండు గీయించుకుంటానన్నాడా?” బాషన్న వాకిలి పట్టుకున్నాడు. “నిలబడినావే, కూర్చో. ఎప్పుడు తిన్నావో ఏమో.” చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టింది. తట్టలో రెండు సంగటి ముద్దలు పెట్టి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి వేసింది. బాషన్న తిన్నాడు. తింటా ఉంటే కండ్లలో నీళ్లు కారి తట్టలో పడినాయి. “కారమెక్కువైందా నాయనా?” అని అమ్మ అడిగింది. “అవునుమా” అన్నాడు.

నాకు అర్థమైపోయింది. వాకిట్లో నిలబడినప్పటి నుంచి ఆయన నా ముఖం చూడలేదు. చెయ్యి కడుక్కునే దానికి తొట్టి కాడికి వస్తే వెనకే పోయినాను. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తల మాత్రం వంచినాడు. అప్పుడన్నా నేను లోపలికి పోయి చెప్పుండాల. చెప్పలేదు. అమ్మ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లింది. కొండ దిగొచ్చేటోడు అలిసి ఉంటాడని అండాలో నీళ్లు కాగబెట్టింది. పక్కింటోళ్లను పిలిచి, “మావోడు గెలిసి కొండకు పోయినాడు. లడ్డు తెస్తాడు, పిల్లోళ్లను పంపండి” అనింది. సాయంత్రం బండి వచ్చేదాకా మూడు గంటలు. మాయమ్మ నిండుగా నవ్విన కడపటి మూడు గంటలు అవి. వాటిని మేము ఆయమ్మకిచ్చినామో, దొంగిలించినామో నాకు ఇప్పటికీ తెలీదు.

దీపాలు పెట్టే వేళకు స్టేషన్ పక్క నుంచి రత్నన్నను మోసుకోని వచ్చినారు. అమ్మ చూసింది. అరవలేదు. బాషన్న పక్కకు తిరిగి, “కొండెక్కినాడంటివి కదరా” అనింది. అండాలో కాగిన నీళ్లతోనే వానికి స్నానం చేయించినారు.

దండెం మీద వాని చొక్కా అమ్మ ఉతకనీలేదు. చీమలు వచ్చినాయి. దినమూ పొద్దున్నే ఆ వరసను చూసేది. చానా నెలల తర్వాత ఒక దినం చీమలు రాలేదు. అమ్మ చొక్కాను దండెం మీద నుంచి తీసి, కాలరు కాడ నాలుకతో తాకి చూసి, మడిచి పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవురు గడప కాడ పోతా అన్నా వెనక్కి పిలవలేదు. దీపం ఆరిపోయిందనే అనింది. షెడ్డు వెనక పిల్లోళ్లు కూడా ఔట్ అనే మాటకు మారిపోయినారు. అయినా ఆయమ్మ చాట పట్టుకోని ఆటకు పోయేది మాత్రం మానలేదు. కాళ్లు పడిపోయేదాకా పోయింది. నేనే మళ్లీ ఆ గీత కొసకు పోలేదు.

ఇప్పుడు టీవీలో చూస్తాను, మనమడు పెడితే. మట్టి లేదు, రబ్బరు పరుపు. బూట్లు, లైట్లు, పాటలు. కూతకు పోయినోని నెత్తిన గడియారం తిరుగుతా ఉంటుంది. ముప్పై సెకండ్లంట. వాని పెదవులు కదుల్తాయి గానీ కూత నాకు వినపడదు. సౌండు ఎంత పెంచినా మాట్లాడేటోళ్ల గోలే. ఎముకలు అరిగినాక కూడా మా బాషన్నకు ఇంత వైద్యం లేదు, ఈ పిల్లోళ్లకు గీత పక్కనే డాక్టరు బ్యాగు పట్టుకోని కూర్చుంటాడు. దానికి నేను దణ్ణం పెడతాను. ఆట మారిపోయిందని ఏడ్చే ముసలిదాన్ని కాను. ఆ డాక్టరు అప్పుడుంటే అని మాత్రం అనుకోకుండా ఒక్క ఆటా చూడలేదు.

బాషన్న కాఫీ గ్లాసు తీసుకున్నాడు. “నోరు జారింది పాపా.”

“జారనీలే. నేను కూడా నీకొక మాట సెప్పాల,” అన్నాను. “వానికి ఊపిరందేది లేదని నాకు ముందే తెల్సు. ఏడాది ముందే. సెప్పలేదు.”

ఆయన గ్లాసు దించినాడు. “నాకూ తెల్సు. నాతో కూడా ఒట్టేయించుకున్నాడు, నా కొడుకు” అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాము. నలభై ఏండ్లు నేనొకదాన్నే పాపిష్టిదాన్ని అనుకున్నాను. ఆయన కూడా పాకాలలో మిషను తొక్కుకుంటా అదే అనుకున్నాడు.

“నీకు ఇంగొకటి తెలీదు పాపా,” అన్నాడు. “ఆ పొద్దు నేను ముందే ఔటై గీత బయట కూర్చోనుంటి. నా తర్వాత ఇంగొకడు. రత్నం కూతకు పోయి ఇద్దర్ని తాకినాడు. కూత తెగలా. గీత దాటేదాకా తెగలా. దాటి, నా పక్కకు సూసి ‘లేయ్‌రా బాషా’ అన్నాడు. నేను లేసినా. వాడు కూర్చున్నాడు. అంతే.” గ్లాసు కింద పెట్టినాడు. “మళ్లీ కూతకు పోవాల్సింది నేను. నా వంతు. ఆట ఆపేసినారు. నేను పోయి ఒకణ్ణి తాకొచ్చింటే…”

డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఆ మాట ఎంత పిచ్చిమాటో ఆయనకు తెలుసు. మాయమ్మ పోయే ముందు అనిన మాట ఒకటి నాలోనే పెట్టుకోని ఉండా. అది ఈయనకు చెందాల్సిందని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

“అమ్మ కడపట్లో ఒకటనింది బాషన్నా,” అన్నాను. “రత్నం గురించి నేను ఏడుస్తా ఉంటే, ‘ఎందుకే ఏడుస్తావు? వానికి ముందు నా బిడ్లిద్దరుండారు గదా. ముందు పోయినోళ్లు ముందు లేయాల. పెద్ద పాప లేయాల, సిన్న పాప లేయాల, అప్పుడు గదా వాడు. ఎవురు కూతకు పోయినా వాని వంతు అప్పుడే రాదు’ అనింది. నువ్వు పోయున్నా వాడు లేసుండడు. నువ్వు లేపింటే మా పెద్దక్క లేసుండేది.”

ఆయన ముందుకు వంగినాడు. “అమ్మ అట్లనిందా?”

“అనింది.”

“ఆ సంగటి… ఆ పొద్దు నేను తిన్నది…”

“ఆ బిడ్డ ఆకలితో వచ్చినాడు, తిన్నాడు, తిననీ అనింది.”

బాషన్న కండువాతో ముఖం మూసుకోని ఏడ్చినాడు. నేను కూడా ఏడ్చినాను. టీవీలో ఎవురో గెలిచినారు. కొంచెంసేపటికి ఆయన కుర్చీ చేతులు పట్టుకోని లేయబోయినాడు, మోకాళ్లు లేయనీలేదు. నేను పోయి ఆయన చంక కింద చెయ్యేసినాను. “లేయ్ బాషన్నా” అన్నాను. లేసినాడు. గడప కాడ నిలబడి, మాయమ్మ నేర్పించినట్టే, “వస్తా పాపా” అని చెప్పి దిగినాడు.